పరవశమా, ఉబ్బితబ్బిబ్బా? పట్టలేని ఆనందానికి ఏ మాట ఎక్కడ

కొత్తకలం:
అందరికీ నమస్కారం. ఒక కథ రాస్తున్నాను. పదకొండేళ్ల తర్వాత కొడుకు చెప్పాపెట్టకుండా ఇంటికొస్తాడు. తలుపు తీసిన తల్లి వాణ్ణి చూసే క్షణానికి నేను రాసిన వాక్యం ఇది: "కొడుకుని చూసి ఆమె పరవశించిపోయింది." చదివి చెప్పమని ఒక స్నేహితురాలికిచ్చాను. ఆవిడ ఆ ఒక్క మాట కింద గీత గీసి, పక్కన "ఈమె పాట వింటున్నట్టుంది" అని రాసి తిరిగిచ్చింది. రెండు రోజులుగా ఆ గీత దగ్గరే ఆగిపోయాను.

పరవశం అంటే పట్టలేనంత ఆనందమే కదా? మరి ఎందుకు కుదరడం లేదు? ఆనందాతిరేకం, తన్మయత్వం, మైమరపు, ఉబ్బితబ్బిబ్బు, అన్నీ ఒక్కొక్కటిగా పెట్టి చూశాను. ఏదీ అతకడం లేదు. ఈ మాటల అర్థాలు, వాడుక బాగా తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెబుతారా?

గాలిపటం:
ఉబ్బితబ్బిబ్బయింది అని రాసేయండి. అందరికీ అర్థమవుతుంది.

పాతపుస్తకం:
గాలిపటం గారూ, కాస్త ఆగండి. ముందు పరవశం సంగతి చూద్దాం, ఎందుకంటే ఈ మాట చాలా దూరం నడిచి వచ్చింది.

పర అంటే ఇతరులు. వశం అంటే అధీనం. పరవశం అంటే ఇంకొకరి చేతిలో ఉండటం. సంస్కృతంలో దీని మొదటి అర్థం అదే, అందులో ఆనందం ఛాయ కూడా లేదు. పైగా మనుస్మృతి నాలుగో అధ్యాయంలో 160వ శ్లోకం "సర్వం పరవశం దుఃఖం, సర్వమాత్మవశం సుఖం" అంటుంది. ఇంకొకరి చేతిలో ఉన్నదంతా దుఃఖం, మన చేతిలో ఉన్నదంతా సుఖం అని. అక్కడ దుఃఖానికి గుర్తుగా నిలబెట్టిన మాటే మన దగ్గరికొచ్చేసరికి గొప్ప ఆనందానికి పేరైంది. హిందీలో ఈనాటికీ పరవశ్ అంటే పరాధీనుడు, దిక్కులేనివాడు అనే అర్థమే. తమిళంలో మాత్రం మనలాగే ఆనందం వైపు వెళ్లింది.

మధ్యలో ఏం జరిగిందో మన సమాసాలే చెబుతాయి. శోకపరవశుడు, క్రోధపరవశుడు, నిద్రాపరవశుడు, ఆనందపరవశుడు. ముందు ఏ మాట ఉంటే అది మనిషిని లొంగదీసుకుందని అర్థం. శోకం లొంగదీసుకోవచ్చు, నిద్ర లొంగదీసుకోవచ్చు. తర్వాత తర్వాత ముందు మాట రాలిపోయింది. ఒంటరిగా పరవశం అంటే ఆనందపరవశమే అని చెవికి అలవాటైపోయింది. వాడు పరవశించిపోయాడు అంటే ఏడ్చాడనో కోప్పడ్డాడనో ఇప్పుడెవరూ అనుకోరు.

మాటకి కొత్త అర్థం వచ్చినా పాత ఎముక లోపల ఉంటుంది. పరవశంలో ఏదో ఒకటి మనల్ని పట్టుకుని ఉండాలి, మనం దానికి లొంగి ఉండాలి. మీ కథలో ఆ తల్లి దేనికి లొంగింది?

కొత్తకలం:
మాస్టారూ, ఆ శ్లోకం నాకు తెలియదు. ఇంత కాలం ఈ మాట వాడుతూ లోపల ఇది ఉందని అనుకోలేదు. మీ చివరి ప్రశ్నకి జవాబు నా దగ్గర లేదు. ఆలోచిస్తాను.

నుడికారం:
పాతపుస్తకం గారు చెప్పినదానికి వాడుక వైపు నుంచి నా మాట కలుపుతాను.

ఈ రెండు వాక్యాలు బయటికి చదివి చూడండి.
"వేణువు వింటూ పరవశించిపోయాడు."
"ఉద్యోగం వచ్చిందని తెలిసి పరవశించిపోయాడు."
మొదటిది హాయిగా ఉంది. రెండోది వ్యాకరణం ప్రకారం తప్పు కాదు, కానీ చెవి ఒప్పుకోదు. కారణం ఏమిటంటే పరవశానికి వ్యవధి కావాలి. పాట సాగుతూ ఉండాలి, వాన కురుస్తూ ఉండాలి, నాట్యం కళ్ల ముందు నడుస్తూ ఉండాలి. మనిషి దాంట్లో కాసేపు ఉండాలి. కబురు అలా కాదు. కబురు వచ్చి తగులుతుంది, అంతే. కబురు తగిలినప్పుడు తెలుగువాడు ఉబ్బితబ్బిబ్బవుతాడు, పొంగిపోతాడు, ఎగిరి గంతేస్తాడు. కాలు నేల మీద నిలవదు. ఈ మాటలన్నిటిలో కదలిక ఉంది. పరవశంలో, తన్మయత్వంలో, మైమరపులో కదలిక తగ్గిపోతుంది. కళ్లు మూతలు పడతాయి, తల మెల్లగా ఊగుతుంది, చేతిలో పని ఆగిపోతుంది.

కొత్తకలం గారి స్నేహితురాలు "పాట వింటున్నట్టుంది" అన్నది అందుకే. ఆవిడ చెవి చాలా మంచిది.

ఇంకో చిన్న పరీక్ష కూడా ఉంది. "పరవశించిపోయాను" అని జరిగిపోయినదాని గురించి చెప్పుకోవచ్చు. "ఇప్పుడు పరవశిస్తున్నాను" అని ఎవరైనా అంటే నమ్మబుద్ధి కాదు. లోపల ఉన్నప్పుడు ఆ మాట అనగలిగే మనిషి ఉండడు, బయటికొచ్చాకే చెప్పగలడు. తన్మయత్వానికీ అంతే. ఉబ్బితబ్బిబ్బుకి ఈ ఇబ్బంది కాస్త తక్కువ. "ఉబ్బితబ్బిబ్బయిపోతున్నానండీ" అని ఫోనులో అరిచినా సహజంగానే ఉంటుంది.

పలకాబలపం:
ఒక్క విన్నపం. ఈ మధ్య చాలా చోట్ల "పారవశ్యత" అని చూస్తున్నాను. అది తప్పు. పరవశ నుంచి పారవశ్యం వచ్చింది. మొదటి అచ్చు సాగింది, చివర యకారం చేరింది, భావార్థం వచ్చేసింది. మధుర, మాధుర్యం. చతుర, చాతుర్యం. సుందర, సౌందర్యం. అన్నిటిదీ ఒకే దారి. దాని మీద మళ్లీ "త" తగిలిస్తే వేసుకున్న చొక్కా మీద ఇంకో చొక్కా వేసుకున్నట్టు. పరవశత అనండి, పరవశత్వం అనండి, పారవశ్యం అనండి, ఏదో ఒకటి. తాదాత్మ్యం కూడా అంతే, తాదాత్మ్యత అక్కర్లేదు. తన్మయత్వం మాత్రం సరైనదే, ఎందుకంటే తన్మయ అనేది విశేషణం, దానికి "త్వం" చేరాలి.

తన్మయ అంటే తత్ మయ, "అదే తానైన" అని. వాక్, మయం కలిసి వాఙ్మయం అయినట్టే తత్, మయం కలిసి తన్మయం అవుతుంది. అనునాసిక సంధి. ఇక్కడ మనిషి దేనికో లొంగడం లేదు, అదే అయిపోతున్నాడు. పరవశంలో ఇద్దరున్నారు, తన్మయత్వంలో ఒక్కరే మిగిలారు. పాట విని పరవశించేవాళ్లు వినేవాళ్లు. పాడుతూ తన్మయమయ్యేది పాడేవాళ్లు. ఇది గీత గీసినట్టు పాటించే నియమం కాదు, కానీ నా తరగతిలో పిల్లలకి ఇలా చెబితే వెంటనే పట్టుకుంటారు.

గాలిపటం:
నేను మొదట ఏదో తోచింది రాసేశాను గానీ ఇప్పుడు తెలుసుకోవాలని ఉంది. మైమరపులో "మై" అంటే ఏంటి? నేను ఇన్నాళ్లూ మైకం అనుకున్నా.

పలకాబలపం:
మై అంటే ఒళ్లు. మేను అన్నా అదే. మైపూత అంటే ఒంటికి పూసుకునేది, మైజోడు అంటే ఒంటికి తొడిగే కవచం. మైమరపు అంటే ఒంటిని మరిచిపోవడం. "ఒళ్లు మరిచిపోయి" అని మనం మామూలుగా అనేదే. ఆదమరుపుతో మాత్రం కలపకండి, అది ఏమరుపాటు. ఆదమరిచి నిద్రపోతాం. మైమరిచి వింటాం.

చిలకపలుకు:
ఈ చర్చ చూస్తుంటే పోతన పద్యం ఒకటి గుర్తొచ్చి ఆగలేకపోతున్నాను. భాగవతం సప్తమ స్కంధంలో ప్రహ్లాదుడి గురించి ఒక సీసపద్యం ఉంది. పిల్లాడు ఒక చోట ఏడుస్తాడు. ఒక చోట గొంతెత్తి పాడతాడు. ఒక చోట గట్టిగా నవ్వుతాడు. ఒక చోట, హరి అనే నిధి నాకు దొరికిందని "యుబ్బి గంతులువైచు నొక్కచోట". కింద ఆటవెలదిలో మాట్లాడతాడు, చివరికి కన్నీళ్లు కలిసిన పులకింతలతో కళ్లు మూసుకుని "యొక్కచోట నిలిచి యూరకుండు".

చూడండి, "ఉబ్బి" అక్కడే ఉంది. పరవశం, ఆనందం అని పేర్లు పెట్టి కూర్చోకుండా పోతన ఒక్క పిల్లాడిలో అన్ని దశలూ చూపించాడు. ఉబ్బి గంతులు వేయడం కూడా ఆనందమే, కళ్లు మూసుకుని ఊరకుండటం కూడా ఆనందమే. కానీ అవి రెండు వేరు వేరు "ఒక్కచోట"లు. పద్యంలో గంతులు ముందొచ్చాయి, మౌనం చివర వచ్చింది. ఆ వరస ఎంత సరిగ్గా ఉందో!

అలంకారశాస్త్రం కూడా దీన్ని లెక్కపెట్టింది. భరతుడి నాట్యశాస్త్రంలో సాత్త్విక భావాలు ఎనిమిది: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. మనిషి కట్టెలా నిలిచిపోవడం, చెమట, ఒళ్లు గగుర్పొడవడం, గొంతు మారడం, వణుకు, ముఖం రంగు మారడం, కన్నీరు, చివరికి తెలివి తప్పడం. ఇవి భయానికీ వస్తాయి, దుఃఖానికీ వస్తాయి, ఆనందానికీ వస్తాయి. శరీరానికి వేరే దారుల్లేవు. అందుకే మన భాష ఎక్కడికక్కడ గుర్తులు పెట్టుకుంది. గగుర్పాటు అంటే భయం కూడా కావచ్చు, పులకింత అంటే ఆనందమే. కన్నీళ్లు ఎందుకైనా రావచ్చు, ఆనందబాష్పాలు అంటే ఇక సందేహం లేదు. గొంతు గద్గదమైందంటే మాత్రం ఏడుపో సంతోషమో పక్క వాక్యం చూస్తే గానీ తెలియదు.

నుడికారం:
చిలకపలుకు గారూ, ఎంత బాగా పట్టుకున్నారండీ! ఆ "ఉబ్బి" దగ్గర నేను కాసేపు ఆగిపోయాను.

ఇప్పుడు ఉబ్బితబ్బిబ్బు విడదీద్దాం. ఉబ్బి, తబ్బిబ్బు. ఉబ్బి అనేది క్త్వార్థకం, "ఉబ్బిపోయి" అని. తబ్బిబ్బు అంటే తడబాటు, ఏం చేస్తున్నామో తెలియనితనం. కలిపితే లోపల ఉబ్బిపోయి, పైకి తడబడిపోవడం. మూడు "బ్బ"లు పక్కపక్కన పెట్టుకుని ఆ మాట పలుకుతుంటేనే బుగ్గలు ఉబ్బుతాయి. కలిపి రాసినా విడిగా రాసినా అర్థం మారదు, నేనైతే కలిపే రాస్తాను.

గాలిపటం గారి సలహా మీద మాత్రం నాకో అభ్యంతరం ఉంది. ఉబ్బితబ్బిబ్బులో ఒక తేలికదనం ఉంటుంది. ఎవరో పొగిడితే ఉబ్బితబ్బిబ్బవుతాం. బహుమతి వస్తే అవుతాం. పొగిడి పని చేయించుకోవడాన్ని "ఉబ్బేయడం" అంటాం కదా, ఆ వాసన కొంచెం ఇక్కడా ఉంది. పదకొండేళ్లు ఎదురుచూసిన తల్లికి ఆ మాట వేస్తే బరువు తగ్గుతుందనిపిస్తోంది.

పాతపుస్తకం:
నుడికారం గారితో నేను ఏకీభవించను. ఆ తేలికదనం పత్రికల వాడుక వల్ల వచ్చిందేమో గానీ మాటలో పుట్టుకతో లేదు. ఇప్పుడే పోతనలో చూశాం కదా, "ఉబ్బి" ప్రహ్లాదుడి భక్తికే సరిపోయింది, ఇక తల్లి ప్రేమకి ఎందుకు సరిపోదు? అచ్చతెలుగు మాటలు తేలికవి, సంస్కృతం మాటలు బరువైనవి అనే అలవాటు నుంచి మనం బయటపడాలి. ఇది నేను ఎప్పటి నుంచో అనుకుంటున్న మాట.

నుడికారం:
మాస్టారూ, పోతన నాటి ఉబ్బు వేరు, ఇప్పటి చెవికి వినపడే ఉబ్బు వేరు. కథ చదివేది ఇప్పటివాళ్లు. మాటకి పుట్టుక ఎంత ముఖ్యమో ప్రస్తుతం దాని చుట్టూ ఉన్న గాలి అంత ముఖ్యం.

గాలిపటం:
నాకు ఇద్దరి మాటా నిజమే అనిపిస్తోంది 🙏

వేకువపిట్ట:
నేను భాష చదువుకున్నదాన్ని కాదు, ప్రసూతి వార్డులో నర్సుగా పనిచేస్తాను. రోజూ చూసేది రాస్తాను, పనికొస్తుందేమో చూడండి.

ఒకసారి ఒకాయన బయట చాలాసేపటి నుంచి నిలబడే ఉన్నాడు. బాగా టెన్షన్‌లో ఉన్నాడు. బిడ్డని గుడ్డలో చుట్టి తీసుకెళ్లి, "పాప అండీ, ఇద్దరూ బాగున్నారు" అని చేతికివ్వబోయాను. ఆయన చేతులు చాచలేదు. చేతి గడియారం విప్పి నా చేతిలో పెట్టాడు. ఎందుకిస్తున్నాడో నాకు తెలియలేదు, ఆయనకీ తెలిసినట్టు లేదు. నాతో రెండు సార్లు "బాగున్నారా మీరు?" అన్నాడు. నేను "బాగున్నానండీ" అన్నాను. ఆ తర్వాత ఎప్పుడో బిడ్డని తీసుకున్నాడు. మర్నాడు వచ్చి, పాపకి గుచ్చుకుంటుందని గడియారం తీసినట్టున్నాను సిస్టర్, సరిగ్గా గుర్తు లేదు, అన్నాడు.

మేము వార్డులో దీన్ని పరవశం అనం. ఆనందాతిరేకం అనం. "ఆయన తబ్బిబ్బయిపోయాడు పాపం" అంటాం. అదే ఆయన ఆ రోజు సాయంత్రం బిడ్డని ఒళ్లో పెట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటీ విప్పి చూస్తూ కూర్చున్నాడు. మందులివ్వడానికి వెళ్తే నన్ను గమనించనే లేదు. అప్పుడు కావాలంటే మీరు చెప్పిన పెద్ద మాటలు వాడుకోవచ్చు. మైమరిచిపోయాడు అనొచ్చు.

చిలకపలుకు:
వేకువపిట్ట గారూ, ఇంత దగ్గరగా చూసి చెప్పినందుకు దండాలు. గంతులు ఒక చోట, మౌనం ఒక చోట అని నేను పద్యంలో చూపించబోయింది మీరు ఒకే మనిషిలో పొద్దున, సాయంత్రం చూశారు.

కొత్తకలం:
ఆ గడియారం దగ్గర నా కథ కదిలింది. ఒక్క ప్రశ్న. "ఉబ్బి" తీసేసి "తబ్బిబ్బు" ఒక్కటే వాడితే ఆనందం అనే అర్థం నిలుస్తుందా? భయంతో తడబడిందని అనుకుంటారేమో.

నుడికారం:
మంచి ప్రశ్న. ఒంటరిగా తబ్బిబ్బు రెండు వైపులా పోతుంది. "అడిగిన ప్రశ్నకి తబ్బిబ్బయ్యాడు" అంటే కంగారే. చుట్టూ ఉన్నది చూసే చదివేవాళ్లు తేల్చుకుంటారు. మీ కథలో తలుపు తీసింది తల్లి, ఎదురుగా ఉన్నది కొడుకు. ఆనందం అని మీరు చెప్పక్కర్లేదు, అది అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది. ఉబ్బు తేలికపడుతుందని నేను పడిన భయం కూడా దీనితో తీరిపోతుంది. మాస్టారు ఏమంటారో?

పాతపుస్తకం:
ఒప్పుకుంటున్నాను. ఉబ్బితబ్బిబ్బు తేలిక మాట కాదన్న నా అభిప్రాయం అలాగే ఉంది, కానీ ఈ తల్లికి తబ్బిబ్బే సరైనది.

గాలిపటం:
మధ్యలో ఒకటి అడగొచ్చా? మా వయసువాళ్లం "థ్రిల్ అయిపోయా", "ఫుల్ హ్యాపీ" అంటుంటాం. పేపర్లలో "ఆనందానికి అవధుల్లేవు", "ఆనందసాగరంలో ఓలలాడారు" అని రాస్తారు. ఇవి వాడకూడదా?

నుడికారం:
వాడుకోండి, నోటికొచ్చే మాటని ఎవరూ ఆపలేరు. నా బాధల్లా ఒకటే. "ఫుల్ హ్యాపీ" అంటే ఎంత సంతోషమో తెలుస్తుంది, ఎలాంటి సంతోషమో తెలియదు. మురిసిపోయావా, పొంగిపోయావా, సంబరపడ్డావా? మురిపెం ముద్దుగా చూసుకునేదాని మీద పుడుతుంది, సంబరం నలుగురితో పంచుకునేది. పొంగు లోపల నిలవక బయటికొచ్చేది. ఇంత తేడా చూపగల మాటలు చేతిలో ఉన్నాయి, వాటిని పోగొట్టుకోవద్దు.

పేపర్ల మాటల సంగతంటారా, "ఓలలాడటం" అసలు అర్థం నీళ్లలో ఆటలాడటం, జలక్రీడ. ఆనందాన్ని సముద్రం చేసి అందులో ఈదులాడించడం ఎంత అందమైన ఊహ! ప్రతి గెలుపు వార్తలోనూ అదే వేసి వేసి ఆ నీళ్లు ఇంకిపోయాయి. మాట తప్పు ఏమీ లేదు.

పాతపుస్తకం:
గాలిపటం గారు "ఎంత" అని అడిగితే దానికీ మనవాళ్లు ఒక లెక్క వేశారు. తైత్తిరీయోపనిషత్తు బ్రహ్మానందవల్లిలో ఆనందానికి కొలత ఉంది. మంచివాడు, చదువుకున్నవాడు, దృఢమైనవాడు అయిన ఒక యువకుడు, సంపదతో నిండిన భూమంతా అతనిదే. అతని ఆనందం ఒక మానుషానందం, అంటే ఒక ప్రమాణం. దానికి నూరు రెట్లు మనుష్యగంధర్వుల ఆనందం, దానికి నూరు రెట్లు దేవగంధర్వులది, అలా పది మెట్లు ఎక్కితే బ్రహ్మానందం. ఒకటిని నూరుతో పది సార్లు హెచ్చవేస్తే ఒకటి పక్కన 20 సున్నాలు. ఇప్పుడు మనం "బ్రహ్మానందంగా ఉంది" అని ఎంత సులువుగా అనేస్తున్నామో చూడండి. అది తెలిశాక నేను ఆ మాట వాడటం తగ్గించాను.

కొత్తకలం:
ఆలస్యంగా వస్తున్నందుకు మన్నించండి. నిన్న రాత్రి ఆ చోటు మళ్లీ రాశాను. మీ అందరి ముందూ పెడుతున్నాను.

"తలుపు తీసి చూసింది. 'ఎవరు కావాలి బాబూ?' అంది. అంటూనే వాడి చేతిలో సంచి లాక్కుంది. మంచినీళ్లు తెస్తానని లోపలికెళ్లి సంచితోనే తిరిగొచ్చింది. ఏం తేవడానికి వెళ్లిందో వాడు అడగలేదు. ఆమె తబ్బిబ్బయి గుమ్మం పట్టుకుంది."

ఆ తర్వాత రెండు పేజీల దాకా ఆనందానికి సంబంధించిన మాట ఒక్కటీ వాడలేదు. రాత్రి వాడు నిద్రపోయాక ఆమె పక్కన కూర్చుని చూస్తుంది. అక్కడ మాత్రం "మైమరిచి" అని పెట్టాను. పరవశం ఎక్కడా లేదు. మాస్టారు అడిగిన ప్రశ్నకి, ఆమె దేనికి లొంగిందన్నదానికి, జవాబు ఆ రాత్రి చోట దొరికిందనుకుంటున్నాను.

వేకువపిట్ట:
సంచితోనే తిరిగొచ్చింది అన్న దగ్గర నాకు కళ్లు చెమర్చాయండీ.

పలకాబలపం:
చాలా బాగుంది. ఒక చిన్న మాట. "తబ్బిబ్బయి గుమ్మం పట్టుకుంది" అన్నప్పుడు తబ్బిబ్బు ముందూ పట్టుకోవడం తర్వాతా అయింది. తబ్బిబ్బు సంచి లాక్కున్నప్పుడే మొదలైంది కదా. "ఆమె గుమ్మం పట్టుకుంది" అని ఆపి, తబ్బిబ్బుని సంచి వాక్యంలోకి తీసుకెళ్లి చూడండి. "తబ్బిబ్బులో వాడి చేతిలో సంచి లాక్కుంది" అని.

కొత్తకలం:
మార్చాను. ఇప్పుడు గుమ్మం దగ్గర వాక్యం పొట్టిగా నిలబడింది. ఈ సాయంత్రం ఆ కాగితం నా స్నేహితురాలికి మళ్లీ ఇస్తున్నాను, ఈసారి ఎక్కడ గీత గీస్తుందో వచ్చి చెబుతాను.